పాత ఇంట్లో మరిచిన తాళంచెవి

"కొత్తది ఎక్కించినవు సరే. పాత డిస్కు తీసినవా, ఉంచినవా? అదొక్కటి చెప్పు యాకోబూ."

"ఉంచిన మేడం. ఎవరి కంప్యూటరైనా ఏడు దినాలు ఉంచుత. కొత్త లినక్స్ వాళ్ల చేతికి అలవాటైనంకనే పాతది పీకుత."

తాండూరు పోలీస్ స్టేషన్ లాకప్పు ఊచలకు అటువైపు నేల మీద కూర్చున్నాడు యాకోబు. ఇటువైపు కుర్చీలో ఎస్సై నాగరాణి. వికారాబాద్ సైబర్ సెల్ నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చింది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. నిన్న, శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి యాకోబును అరెస్టు చేశారు. ఇవాళ రెండు లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత జైలే. ఆమె చేతిలో ఉన్నది నాలుగు గంటలు కూడా కాదు.

చచ్చిపోయినవాడు పరశురాం. ఊరి బయట మల్లేశ్వర్ ధర్మకాంటాలో బండల లారీలను తూకం వేసే మనిషి. శుక్రవారం పొద్దున కాంటా వెనక నీళ్లు నిండిన పాత గనిలో తేలాడు. తల వెనక దెబ్బ. గురువారం సాయంత్రం నాలుగుకూ తొమ్మిదికీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. ఆ గురువారం మధ్యాహ్నమే కాంటా కంప్యూటరును నడిపించే పాత లినక్స్, ఉబుంటు, బదులు మింట్ అనే కొత్త రకం ఎక్కించడానికి యాకోబు వెళ్లాడు. అతనూ పరశురాం గొంతు పెంచి మాట్లాడుకోవడం ఇద్దరు డ్రైవర్లు విన్నారు. ఆ తర్వాత ఆ కంప్యూటరు మళ్లీ తెరుచుకోలేదు.

ఇంతే చాలు సీఐ చంద్రకాంత్‌కు. యాకోబు పరశురాంను కొట్టి చంపాడు, కాంటా కెమెరా ఫోటోలు కనబడకుండా డిస్కంతా తుడిచేశాడు. కేసు మూసినట్టే.

నాగరాణికి మాత్రం మింగుడుపడలేదు. బుధవారం పరశురాం ఆమెకు ఫోన్ చేశాడు మరి. "మేడం, కుల్కచర్ల తొవ్వల గొర్లు కాసే బుగ్గమ్మను గుద్దిపోయిన లారీ ఉన్నది గద, దాని ఫోటో మా కాంటా కంప్యూటర్ల ఉంది. ముందు అద్దం పగిలి ఉంది. మీరు జర చూడాలె."

"శుక్రవారం తీస్కరా" అంది తను. గురువారం అత్తగారి కంటి ఆపరేషన్. ఒక్కరోజులో ఏమైతదిలే అనుకుంది. అయ్యేది ఆ ఒక్కరోజులోనే అయిపోయింది.

"పరశురాంతోని లొల్లి ఎందుకైంది?" అనడిగింది.

"మల్లేశ్వర్ సేటు పాత డిస్కు పీకి తన చేతికియ్యమన్నడు మేడం. పరశురామన్న వద్దన్నడు. 'రేపు దాంతోని పనుంది తమ్మీ, ఉండనియ్యి' అన్నడు. నేను ఇద్దరి నడుమ ఇరికిన. గొంతు లేసింది, నిజమే. లేవలేదంటే అబద్ధమైతది."

"ఈ ముచ్చట సీఐ సారుకు చెప్పినవా?"

"చెప్పిన. సేటును పట్టుకొని గంత మాటంటవారా అని ఒక్కటి పీకిండు."

"కాంటా కాడికెల్లి ఎన్నింటికి బయటపడ్డవు?"

"నాలుగు నలభైకి. కంప్యూటరు మంచిగ నడుస్తుండె. నా కండ్ల ముంగట ఒక లారీ తూకం గూడ అయ్యింది. ఏడింటికి వికారాబాద్‌ల ప్రార్థనకు పోయిన. ముప్పై మంది చూసిండ్రు."

వరండాలో అతని భార్య పద్మారాణి ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది. నాగరాణి బయటికి రాగానే లేచి నిలబడింది. "అక్కా, నిన్నటి సంది ఒక్క ముద్ద తినలె ఆయన. డబ్బా లోపలికి పోనిస్తలేరు."

"పోతది. ఇయ్యి" అని డబ్బా అందుకుని, తానే మూత తెరిచి చూసి, సెంట్రీ చేతికిచ్చింది. "తినేదాక ఇక్కడే నిలబడు. ఖాళీ డబ్బా నాకు చూపియ్యాలె."

*

ధర్మకాంటా గదికి కానిస్టేబుల్ పాండు కాపలా ఉన్నాడు. పదకొండు కావడానికి పది నిమిషాలుంది. మల్లేశ్వర్ ముందే వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. కుడి బొటనవేలికి పట్టీ.

"వేలికేమైంది సేటు?"

"బండ కోసుకపోయింది మేడం. గీ ధందాల రోజుండేదే."

"గురువారం సాయంత్రం మీరు ఎన్నింటికి వచ్చిండ్రు ఇక్కడికి?"

"ఐదింటికి. నడుమ బయటికి పోయి మళ్ల వచ్చేసరికి గదిల ఎవ్వరు లేరు. కంప్యూటరు నల్లగైపోయి ఉంది. పరశురాం ఇంటికి పోయిండేమో అనుకొని గేటుకు తాళమేసి నేను గూడ పోయిన. పాపం, ఎవరనుకున్నరు మేడం, గా గనిల పడి ఉన్నడని."

"ఐదు తర్వాత లారీలు?"

"కంప్యూటరే నడవనప్పుడు తూకమెట్లయితది? ఒక్క లారీ ఎక్కలె."

"యాకోబు ఎన్నింటికి వచ్చిండు?"

"రెండింటికి. నేనే తోలుకొచ్చిన. గంటన్నర పని అని మూడు గంటలు చేసిండు."

నాగరాణి చిన్న నోటుబుక్కులో వరసగా రాసుకుంది. రెండు, యాకోబు రాక. ఐదు, గది ఖాళీ. తర్వాత బల్ల కిందికి వంగి సీపీయూ పక్క రేకు విప్పింది. సీఐ పిలిపించిన టెక్నీషియను దీన్ని విప్పనే లేదు. బటన్ నొక్కి, డిస్కు లేదని తెర మీద రాగానే అంతా తుడిచేశారని రాసిచ్చి వెళ్లిపోయాడు.

లోపల చిన్న కొత్త డిస్కు ఉంది. దాని మీద తెల్ల టేపు, నీలం పెన్నుతో రాత: కొత్తది, గురువారం. దాని కింద ఇంకో అర. అందులో ఏమీ లేదు. రెండు వైర్లు కొసలు వేలాడుతున్నాయి. దుమ్ములో మాత్రం ఒక డిస్కంత జాగా శుభ్రంగా ఉంది. ఆ అర అంచుకు అంటించిన టేపు ఇంకా అలాగే ఉంది: పాతది, ఏడు రోజులు తీయొద్దు.

రేకు అంచు కత్తిలా ఉంది. ఆ అంచు మీద గోధుమరంగు మరక, కందిగింజంత.

"సేటు, ఇక్కడ రెండో డిస్కు ఉండాలె గద?"

"నాకేం ఎరుక మేడం? నేను ఏనాడు దాని లోపల చూసిన్నా? నాకు కంప్యూటరంటే కాంటా మీద నంబరు చూసుడే." మల్లేశ్వర్ వాచీ చూసుకున్నాడు. "పరిగిల చుట్టాల ఇంట్ల ఫంక్షనుంది. మీకింక పని లేదంటే పోయొస్త."

ఆపడానికి ఆమె దగ్గర కాగితం లేదు. మరక ఎవరి నెత్తురో పరీక్షలో తేలడానికి వారం పడుతుంది. అతని కారు వెళ్లినప్పుడు పదకొండూ పదిహేను.

గదిలో ఇంకేముంది? ప్రింటరు, కుర్చీ, ఒక తువ్వాల. కిటికీలో మూడు గిన్నెల టిఫిన్ డబ్బా.

"ఇది పరశురాందేనా పాండూ?"

"ఆయనదే మేడం. ఇంటోళ్లు ఇంక తీస్కపోలె. గందులేముంటది, ఖాళీ డబ్బా."

అందుకే ఎవరూ తెరవలేదు. నాగరాణి తెరిచింది. రెండు గిన్నెలు కడిగి బోర్లించి పెట్టి ఉన్నాయి. మూడోదాంట్లో పచ్చడి మిగిలింది. నూనె కారి సంచి పాడవకుండా మూత కింద ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి బిగించాడు. ఇంట్లో ఆడమనిషి చెప్పి చెప్పి నేర్పించిన జాగ్రత్త అది. నాగరాణి తన భర్తకు ఇరవై ఏళ్లుగా చెబుతున్నా అబ్బలేదు.

మడతలు విప్పింది. కాంటా చీటీ. ప్రింటరులో వంకరగా పడిందని పారేయకుండా ఇలా వాడుకున్నాడు. నూనె తడిసినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. లారీ నంబరు, తూకం, గురువారం తేదీ. కింద టైము: ఐదూ పన్నెండు.

ఐదింటికి గది ఖాళీ అన్నాడు మల్లేశ్వర్.

"పాండూ, ఇద్దరు సాక్షులను పిలువు. ఈ డబ్బా, ఈ చీటీ, సీపీయూ, మూడింటికి పంచనామా రాయాలె. జల్దీ."

*

"డబ్బాలు కడుగుతున్నవా ఏంది నాగరాణీ?" స్టేషన్‌లో టేబుల్ మీద పెట్టిన పరశురాం టిఫిన్ డబ్బాను చూసి సీఐ చంద్రకాంత్ నవ్వాడు. పన్నెండూ ఇరవై. "సైబర్ సెల్ అంటే ఏందో అనుకున్న. మా పాండు చెప్తుండు, పచ్చడి వాసన చూసినవట."

"వాసన చూడలె సార్. చదివిన."

"చదువు, చదువు. ఒకటిన్నరకు బండి కదులుతది. నీ యాకోబు దాంట్ల ఉంటడు."

ఆమె సీపీయూను తెరకు కలిపి, బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చింది. అందులో ఒక లినక్స్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కంప్యూటరు తన డిస్కు మీద లేవలేకపోతే దీని మీద లేచి కూర్చుంటుంది. అప్పుడు డిస్కులో ఏముందో తీరిగ్గా చూడొచ్చు. ఒక్క అక్షరం చెరగకుండా, చదవడానికి మాత్రమే తెరిచింది.

"చూడండి సార్. తుడిచేసిన డిస్కు కాదిది. మింట్ మొత్తం ఉంది. కాంటా ప్రోగ్రాం ఉంది. కాంటా పాత ఫోటోలు పాత డిస్కులనే ఉండె, ఇందులకెల్లి ఒక్క ఫైలు పోలె."

"మరి ఎందుకు లేస్తలేదు?"

నాగరాణికి ఆ జవాబు పుస్తకాల్లో దొరకలేదు, ఇంట్లో దొరికింది. రెండేళ్ల కింద ఇంటి కంప్యూటరులో ఇలాగే ఒక లినక్స్ తీసి ఇంకోటి పెట్టబోయి, బిడ్డ ప్రాజెక్టు మొత్తం ఆ నల్ల తెర వెనక చిక్కుకుపోతే రెండు ఆదివారాలు దాని ముందే కూర్చుంది. వంట ఆయన చేశాడు.

"బటన్ నొక్కంగనే కంప్యూటరుకు ఏం తెల్వదు సార్. లినక్స్ ఏ డిస్కుల ఉందో తోవ చూపేటి చిన్న ప్రోగ్రాం ఒకటుంటది, బూట్ లోడర్ అంటరు. ఇంటి తాళంచెవి అనుకోండి. కొత్త లినక్స్ ఎక్కించేటప్పుడు ఆ తాళంచెవి ఏ డిస్కుల పెట్టాల్నో అడుగుతది. చూసుకోకుంటే పాత డిస్కులనే పెడ్తది." ఆమె లాకప్పు వైపు తిరిగింది. "యాకోబూ, బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలె అని అడిగితే ఏం నొక్కినవు?"

ఊచలు పట్టుకుని నిలబడ్డ యాకోబు ఒక్క క్షణం ఆలోచించాడు. "అది సూపిచ్చిన దానికే సరే అని ముందుకు..." మాట ఆగిపోయింది. తల కొట్టుకున్నాడు. "అయ్యో! పాతదాని మీదనే పడ్డదా! పదేండ్ల సంది చేస్తున్న మేడం, ఏనాడు గిట్ల చెయ్యలె." హత్యకేసులో ఇరుక్కున్నందుకు కూడా అతను అంత సిగ్గుపడలేదు.

"రెండు డిస్కులు పక్కపక్కన ఉన్నంతసేపు ఏం తేడా తెల్వదు. గురువారం అందుకే మంచిగ నడిచింది. పాత డిస్కు ఎవరో పీకంగనే తాళంచెవి గూడ దాంతోనే పోయింది. కొత్త ఇల్లు ఇక్కడ, చెవి అక్కడ. ఇది లేవదు, అది లేవదు."

చంద్రకాంత్ ముఖంలో నవ్వు తగ్గింది. అయినా ఆమె తెరిచిపెట్టిన తెర మీదికి వంగాడు. కంప్యూటరు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, మధ్యలో ఏం చేసింది, వరసగా టైములతో ఉన్న చిట్టా అది. చివరి వరస మీద వేలు పెట్టాడు. "ఆగిపోయింది ఎన్నింటికి? పద్నాలుగూ పద్దెనిమిది. అంటే మధ్యాహ్నం రెండూ పద్దెనిమిది. నాలుగు నలభైకి నడుస్తుంటే ఇడిచి పోయిన అంటడు వీడు. రెండూ పద్దెనిమిదికే బంద్ చేసిండు, డిస్కు పీకిండు, అడ్డమొచ్చినోణ్ణి సంపిండు. నీ కంప్యూటరే చెప్తుంది గదమ్మా!"

వరండాలో పద్మారాణి వింటోంది. ఆమె గాజుల చప్పుడు ఆగిపోయింది. నాగరాణి చివరి వరస మళ్లీ చదివింది. పద్నాలుగూ పద్దెనిమిది. సీఐ అబద్ధం చెప్పడం లేదు. తెర మీద అదే ఉంది.

చిట్టా మొదటి వరసకు వెళ్లింది. కొత్త లినక్స్ మొదటిసారి లేచింది పదీ ఇరవైకి.

"సార్, యాకోబు కాంటా కాడికి ఎన్నింటికి పోయిండు?"

"రెండింటికి. మల్లేశ్వరే తోలుకపోయిండు."

"మరి పదీ ఇరవైకి కొత్త లినక్స్ ఎవరు ఎక్కించిండ్రు? పరశురామా?"

నాగరాణి టిఫిన్ డబ్బా పక్కన కవరులో ఉన్న చీటీ తీసి తెర పక్కన పెట్టింది. చిట్టాలో లారీ నంబరు వెతికింది. దొరికింది. చీటీ ప్రింటయిన టైము తెర మీద పదకొండూ నలభై రెండు. చీటీ మీద ఐదూ పన్నెండు.

"లెక్కేయండి సార్. తేడా ఎంత?"

"ఐదున్నర గంటలు."

"నా పెన్‌డ్రైవ్‌కు మన దేశం టైము పెట్టలె నేను. అది లోకం మొత్తానికి లెక్కయ్యే టైము చూపిస్తుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటం. అన్నిటికి ఐదున్నర కలపండి. లేచింది మూడూ యాభైకి. చీటీ ఐదూ పన్నెండుకు. బంద్ అయ్యింది ఏడూ నలభై ఎనిమిదికి." చీటీ మీది నూనె మరకను చూపించింది. "ఐదూ పన్నెండు తర్వాత కూడా పరశురాం బతికే ఉన్నడు. తిన్నడు, గిన్నెలు కడుక్కున్నడు, పచ్చడి మూత కింద ఇది పెట్టుకున్నడు. ఏడూ నలభై ఎనిమిదికి కంప్యూటరు బంద్ చేసిండ్రు ఎవరో. అప్పుడు యాకోబు వికారాబాద్‌ల ముప్పై మంది నడుమ ఉన్నడు. ఐదింటికే కంప్యూటరు నల్లగైందని, ఒక్క లారీ ఎక్కలేదని చెప్పింది ఎవరు?"

"మల్లేశ్వర్" అన్నాడు చంద్రకాంత్. కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు ఓడిపోవడం అలవాటు లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "అయినా డిస్కు ఏది? డిస్కు లేనిది మల్లేశ్వర్ ఏమన్న ఒప్పుకుంటడా? ఈపాటికి పగులగొట్టి ఏ గనిలనో ఏసి ఉంటడు."

"ఏసి ఉంటే మనం చేసేదేం లేదు" అంది నాగరాణి.

అప్పుడే సీఐ టేబుల్ మీద ప్లాస్టిక్ కవరులో ఏదో గుర్రుమంది. నిన్న యాకోబు దగ్గర పట్టుకున్న ఫోను. దాని లాకు నంబరు నిన్ననే రాయించుకున్నారు. ఒంటిగంటా ఐదు. నాగరాణి చేతికి తొడుగు వేసుకుని తెరిచింది.

పంపినవాడి పేరు ఏసుదాసు, పరిగి. ఒక ఫోటో. దాని కింద రాత: యాకోబన్నా, గిరాకీ ఒక డిస్కు తెచ్చిండు. నా కంప్యూటరుకు పెడితే గిట్ల వస్తుంది. కాంటా ప్రోగ్రాంలనే ఫోటోలు చూడాలంటడు. ఎట్ల చెయ్యాలె?

ఫోటోలో నల్ల తెర. తెల్లటి చిన్న అక్షరాలు రెండు వరసలు. ఫలానా నంబరు గల డిస్కు భాగం కనబడటం లేదని చెప్పి, మెరిసే గీత దగ్గర ఆగిపోయిన బూట్ లోడర్. ప్రతి లినక్స్ భాగానికీ ఒక పొడుగాటి నంబరుంటుంది. ఏ రెండూ ఒకటి కావు. నాగరాణి ఫోనును తన ముందున్న తెర పక్కన పట్టుకుంది. 9ఎఫ్3సితో మొదలయ్యే నంబరు. పరిగిలో ఉన్న తాళంచెవి అడుగుతున్న ఇల్లు తాండూరులో, ఆమె చేతి కింద ఉంది.

"సార్, ఆ పాత డిస్కు ఇదే!"

చంద్రకాంత్ లేచి వచ్చాడు. నాగరాణి ఫోటోను పెద్దది చేసింది. నల్లటి అద్దంలాంటి తెర మీద వెనక గది నీడ పడింది. ఫోను పట్టుకున్న ఏసుదాసు, అతని వెనక బెంచీ మీద తెల్ల చొక్కా మనిషి. మోకాలి మీద చెయ్యి. బొటనవేలికి పట్టీ.

"బుగ్గమ్మను గుద్దిన లారీ సేటుదే అయ్యుంటది. పరశురాం దాని ఫోటో ఎవరికన్న పంపిండో లేదో తెల్సుకోవాలె సేటుకు. అందుకే పగులగొట్టలె" అంది నాగరాణి. "తాండూరుల చూపిస్తే తెలిసిపోతదని పరిగికి పోయిండు. ఏసుదాసుకేమో నువ్వు లాకప్పుల ఉన్నట్టు తెల్వదు, గదా యాకోబూ?"

"తెల్వదు మేడం. నా దగ్గర నేర్చుకొని పరిగిల కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్నోడు. చిక్కొస్తే నన్నే అడుగుతడు."

"నేను పరిగి స్టేషనుకు చెప్త. దుకాణం కాడికి పోనీకి ఐదు నిమిషాలు చాలు. అప్పటిదాక ఏసుదాసుకు పని చెప్పి కూసోబెట్టాలె." ఫోను టేబుల్ మీద పెట్టి, తన ఫోను చెవికి ఆనించుకుని కిటికీ వైపు నడిచింది. "సార్, దాన్ని ముట్టకండి. ఏం రాయాల్నో నేను చెప్త."

పరిగి స్టేషన్ ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. రెండోసారి చేసింది.

వెనక నుంచి ఇంకో రింగు వినిపించింది. తిరిగి చూసింది. చంద్రకాంత్ యాకోబు ఫోను చేతిలోకి తీసుకుని స్పీకరు పెట్టాడు. "రాసుకుంట కూసుంటే వాడు పోతడు. రెండు మాటల్ల తేల్చేస్త" అన్నాడు. ఆమె చెయ్యి చాచేలోగా అవతల ఎత్తారు.

"అన్నా, చెప్పు!" హుషారుగా ఏసుదాసు గొంతు. "చేతులు ఖాళీ లెవ్వు, స్పీకర్ల పెట్టిన. గిరాకీ సారు గూడ ఇంటుండు. సారూ, మా యాకోబన్న ఫోను. గాయన చేతిల పడితే లేవని కంప్యూటరు లేదు."

చంద్రకాంత్ నోరు తెరిచాడు, మూశాడు. అవతల బెంచీ కిర్రుమంది. తర్వాత వినిపించిన గొంతు నెమ్మదిగా, ఫోనుకు బాగా దగ్గరగా ఉంది.

"యాకోబు తాండూరు లాకప్పుల ఉన్నడు గద తమ్మీ. మరి ఫోను ఎవరు జేస్తున్నరు?"

"అదేంది సారూ? అన్నా? హలో? సారూ, గదెందుకు కిందికి గుంజుతున్నరు?"

రేకు షట్టరు గలగలా నేలకు దిగిన చప్పుడు. ఫోను కట్టయింది.

నాగరాణి చెవిలో పరిగి స్టేషన్ ఇంకా మోగుతూనే ఉంది. లాకప్పు ఊచలను రెండు చేతులతో పట్టుకున్నాడు యాకోబు.

"మేడం," అన్నాడు, "వాని దుకాణానికి ఆ షట్టరు ఒక్కటే. ఎనక తలుపు లేదు."